చెల్క, ఇసుక, గుట్ట: ఆఫ్‌రోడ్ బండికి టైరు గాలి సెన్సర్లు ఎంచుకోవడం, కాపాడుకోవడం

తారు రోడ్డు మీద టైరులో గాలి తగ్గితే అది లోపం. రోడ్డు దిగినప్పుడు మాత్రం మనమే కావాలని తగ్గిస్తాం. డిండి వాగు ఇసుకలో 18 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) సరైన కొలత. అదే 18 పీఎస్ఐతో శ్రీశైలం రహదారి ఎక్కి 80 కిలోమీటర్ల వేగంతో పోతే టైరు పక్కగోడ మడతపడీ మడతపడీ వేడెక్కి చీలిపోతుంది. టైరు గాలిని కనిపెట్టుకునే టీపీఎంఎస్ పరికరాల్లో ఎక్కువ భాగం తారు రోడ్డు కోసమే తయారైనవి. ఒక అంకె పెట్టుకుని, దానికంటే తగ్గగానే కూత పెడతాయి. నల్లగొండ గుట్టల్లో, పాలమూరు చెల్కల్లో, గద్వాల వైపు నల్లరేగడిలో తిరిగే బండికి కావలసింది వేరు: నేల మారినప్పుడల్లా హద్దు మార్చుకోనిచ్చే పరికరం, ఆ హద్దు ఎక్కడ పెట్టాలో తెలిసిన డ్రైవరు. ఈ రెండింటి గురించే ఇక్కడ వివరంగా చెప్తున్నాం.

మీ బండిలో ఇప్పటికే ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి

కంపెనీ నుంచే టీపీఎంఎస్ ఉందని చెప్పే బండ్లలో రెండు రకాలున్నాయి. మీటరులో నాలుగు టైర్లకూ విడివిడిగా పీఎస్ఐ అంకెలు కనిపిస్తే చక్రం లోపల నిజంగా సెన్సర్లు ఉన్నట్టు. అంకెలేమీ లేకుండా పసుపు లైటు ఒక్కటే వెలిగితే, మెనూలో గాలి నింపాక రీసెట్ నొక్కమనే ఏర్పాటు ఉంటే, అది చాలావరకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) మీద ఆధారపడిన రకం.

ఈ ఏబీఎస్ రకం గాలిని కొలవదు. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త చిన్నదై మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది, ఆ తేడాను లెక్కగడుతుంది. రోడ్డు మీద అది పనికొస్తుంది. ఇసుకలో, బురదలో చక్రాలు జారుతూ ఒక్కొక్కటి ఒక్కో వేగంతో తిరుగుతాయి గనుక దాని లెక్క తప్పుతుంది. నాలుగు టైర్లలోనూ సమానంగా గాలి దించితే తేడానే ఉండదు, లైటు వెలగదు. అలాంటి బండి రోడ్డు దిగేదైతే పక్కన ఇంకో సెట్టు తప్పకుండా పెట్టుకోండి.

సెన్సర్లు ఉన్న రకంలోనూ ఒక చిక్కుంది. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ టీపీఎంఎస్ తప్పనిసరి చేసినప్పుడు, సిఫారసు చేసిన గాలికి 25 శాతం తగ్గేసరికి హెచ్చరించాలని నిబంధన పెట్టారు. ఆ లెక్కన 32 పీఎస్ఐ టైరు 24కు దిగాక గానీ లైటు రాదు. సామాను, మనుషులు నిండిన బండికి అది ఆలస్యమే. పైగా కంపెనీ పెట్టిన హద్దును చాలా బండ్లలో మనం మార్చలేం. ఇసుకలోకి దిగి గాలి తగ్గించినంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది, వెలుగుతున్న లైటు కొత్తగా పంచరైన సంగతి చెప్పలేదు.

లోపలి సెన్సర్లకు ఇంకో గుణం: బ్యాటరీ ఆదా కోసం చక్రం కొంత వేగం అందుకున్నాకే మేలుకుంటాయి. చాలావాటికి అది గంటకు 20 నుంచి 40 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. బండరాళ్ళ మీద నడక వేగంతో పాకుతున్నప్పుడు మీటరులో కనిపించే అంకె అరగంట కిందటిది కావచ్చు. బండి కొనేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. బోసిపోయిన మైదానంలో ఒకసారి పరీక్షించి చూడండి: ఒక టైరులో 4 పీఎస్ఐ తగ్గించి, 10 కిలోమీటర్ల వేగంతో ఐదు నిమిషాలు తిప్పండి. అంకె మారలేదంటే మీ సెన్సరు నిద్రలో ఉన్నట్టే.

బిరడా రకమా, లోపలి రకమా

బయట కొనే సెట్లు రెండు విధాలు. వాల్వు మూత స్థానంలో బిగించే బిరడా సెన్సర్లు ఒకటి, టైరు విప్పి వాల్వుతో కలిపి రిమ్ము లోపల బిగించేవి రెండోది.

బిరడా రకం మనమే పది నిమిషాల్లో పెట్టుకోవచ్చు. బ్యాటరీ మార్చుకోవచ్చు, బండి అమ్మితే తీసుకుపోవచ్చు. ట్యూబు టైర్ల పాత జీపులకు ఇదొక్కటే దారి, ఎందుకంటే ట్యూబు ఉన్నచోట లోపలి సెన్సరుకు జాగా లేదు. కాని దీనికొక సహజ బలహీనత ఉంది. ఇది గాలిని కొలవాలంటే వాల్వు పిన్నును ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచాలి. అంటే టైరులోని గాలిని ఆపుతున్నది ఇక పిన్ను కాదు, సెన్సరు లోపలి చిన్న రబ్బరు ఉంగరం. ఆ ఉంగరం ఎండకు గట్టిపడినా, దాని కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా సెన్సరే గాలి కారుస్తుంది. గాలి కాపాడటానికి కొన్నదే గాలి పోవడానికి కారణమవుతుంది కాబట్టి ఈ రకం కొన్నవాళ్ళు ఆ ఉంగరం మీద కన్నేసి ఉంచాలి.

రెండో సంగతి బరువు. ఒక్కో బిరడా సుమారు 10, 12 గ్రాములుంటుంది. చక్రం తిరుగుతుంటే ఆ బరువు రబ్బరు వాల్వును బయటికి లాగుతుంది. రోజూ వంగే రబ్బరు వాల్వు మొదట్లో సన్నగా పగులుతుంది. అందుకే బిరడా సెన్సర్లు కొన్నరోజే రబ్బరు వాల్వులు తీయించి పొట్టి లోహపు వాల్వులు వేయించండి. కార్లు, జీపుల రిమ్ముల్లో వాల్వు రంధ్రం మామూలుగా 11.5 మిల్లీమీటర్లుంటుంది, ఆ కొలతకు నట్టుతో బిగించే లోహపు వాల్వులు దొరుకుతాయి.

లోపలి రకం రాళ్ళకు, ముళ్ళకంపలకు, దొంగలకు అందదు. బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళ వరకు వస్తుంది. అయితే దాన్ని మైనంలాంటి పదార్థంతో మూసేస్తారు కాబట్టి అయిపోతే సెన్సరే మార్చాలి. టైరు విప్పిన ప్రతిసారీ పంచరు షాపు లివరు దానికి ప్రమాదమే.

మా సలహా నేలను బట్టి ఉంటుంది. భువనగిరి, నల్లగొండ, దేవరకొండ వైపు బండరాళ్ళ గుట్టలే మీ దారైతే లోపలి రకం తీసుకోండి. అక్కడ రిమ్ము అంచు దాటి పొడుచుకొచ్చిన ప్రతి వస్తువూ రాయికి తగులుతుంది. ఎక్కువగా వాగు ఇసుక, చేన్ల బాటలు, చెరువు కట్టలు తిరిగేవాళ్ళకు, తరచూ గాలి దించి నింపేవాళ్ళకు బిరడా రకం చాలు. అందులోనూ తీయకుండానే గాలి కొట్టుకునేందుకు పక్కన దారి ఉన్నవి దొరికితే వాటినే కొనండి. రోజుకు రెండుసార్లు నాలుగు బిరడాలు విప్పి బిగిస్తే మరలు అరిగిపోతాయి, ఉంగరాలు నలుగుతాయి.

కొనేముందు డబ్బా మీద, మెనూలో చూడాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, తక్కువ గాలి హద్దును ఎంతవరకు దించవచ్చో చూడటం. కొన్ని సెట్లు 20 పీఎస్ఐ కిందికి దింపనివ్వవు. ఇసుకలో 16, 18తో నడిపే బండికి అవి పనికిరావు. కనీసం 13, 14 దాకా దిగాలి. ముందు, వెనక ఇరుసులకు వేర్వేరు హద్దులు పెట్టే వీలుండాలి.

నిమిషంలో ఇన్ని పీఎస్ఐలు పడిపోతే హద్దు దాటకముందే అరిచే వేగపు లీకు హెచ్చరిక ఉందా అని అడగండి. కంది కొయ్యకాలు పక్కగోడలో దిగితే మొదట తెలియజేసేది అదే.

ఫ్రీక్వెన్సీ సంగతి కంపెనీ సెన్సరు పోయి బదులు కొనేవాళ్ళకు వర్తిస్తుంది. మన బండ్లవి సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్. అమెరికా బండ్ల కోసం చేసినవి చాలావరకు 315 మెగాహెర్ట్జ్. ఆకారం ఒక్కటే అయినా మీ బండి దాని మాట వినదు. పాత సెన్సరు మీద ముద్రించిన పార్టు నంబరు చూసి కొనడమే క్షేమం.

ఇక అంకెలు చూపే తెరపెట్టె. సౌర పలక, లోపల లిథియం సెల్లు ఉన్నవి అద్దానికి అంటించడానికి సులువుగా ఉంటాయి. కాని నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. నీడలేని చోట నిలిపిన బండిలో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగుతుంది. మామూలు లిథియం సెల్లును 45 డిగ్రీల పైన చార్జి చేయకూడదు. అద్దం కింద సౌర పలక సరిగ్గా ఆ వేడిలోనే చార్జి చేస్తుంది. ఒకట్రెండు ఎండాకాలాలకు సెల్లు ఉబ్బుతుంది, తెర పైకి లేస్తుంది. మన ప్రాంతానికి బండి 12 వోల్టుల సాకెట్టు నుంచి నడిచే తెర మేలు. సౌర రకమే ఉంటే బండి దిగేటప్పుడు తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. ఫోనులో చూసే బ్లూటూత్ రకం చవక. కాని ఫోను జేబులో ఉండి యాప్ మూసుకుపోతే హెచ్చరిక రాదు, కాబట్టి దాన్ని గాలి నింపేటప్పుడు గేజిలాగా వాడుకోవడం వరకే నమ్మండి.

స్టెప్నీకి ఐదో సెన్సరు వచ్చే సెట్టు తీసుకోండి. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, టీపీఎంఎస్, ట్యూబ్‌లెస్ టైర్లు, మరమ్మతు కిట్టు ఉన్న చిన్న ప్రయాణికుల బండ్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. నగరంలో తిరిగే కారుకు అది సరిపోవచ్చు. పలుగురాయి కోసిన పక్కగోడను ఏ కిట్టూ అతకలేదు. రోడ్డు దిగే బండికి నిండుగా గాలి ఉన్న స్టెప్నీ ఉండి తీరాలి.

బిగించడం

బిరడా రకానికి క్రమం ఇది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

1. వాల్వు మూతలు తీసి, మరలను పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది దుమ్ము దులపండి. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.
2. నమ్మకమైన గేజితో నాలుగు టైర్లలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉన్న గాలి నింపండి.
3. సెన్సరు లోపలి ఉంగరానికి చిటికెడు సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలు, ఇంజను ఆయిలు, మామూలు గ్రీజు వద్దు. వాటికి రబ్బరు ఉబ్బుతుంది.
4. సెట్టుతో వచ్చే పల్చటి నట్టును ముందు వాల్వు మీద కిందిదాకా తిప్పండి.
5. సెన్సరును చేత్తో తిప్పండి. స్... మని గాలి కాసేపు పోయి ఆగుతుంది. ఆగాక ఇంకో పావు చుట్టు మాత్రమే. పట్టకారుతో బిగిస్తే ఉంగరం నలిగిపోతుంది.
6. ఇప్పుడు కింది నట్టును పైకి తిప్పి సెన్సరుకు ఆనించి స్పానరుతో బిగించండి. ఇది ఊడిపోకుండా పట్టే తాళం.
7. సర్ఫు నీళ్ళు నురగ చేసి సెన్సరు చుట్టూ, వాల్వు మొదట్లో పోయండి. రెండు నిమిషాలు చూడండి. ఒక్క బుడగ లేచినా విప్పి మళ్ళీ మూడో అంకె నుంచి రండి.

బిగించాక వంకర లేని ఒక కర్రను రిమ్ము అంచుల మీద అడ్డంగా పెట్టి చూడండి. సెన్సరు కర్రకు తగిలిందంటే రాయికీ తగులుతుంది. ఇంకా పొట్టి వాల్వు వేయించాలి.

ఒక జాగ్రత్త మరిచిపోకూడదు. బిరడా సెన్సర్ల లోపలి మర చాలావరకు ఇత్తడి. కొన్ని లోహపు వాల్వులు అల్యూమినియం. ఈ రెండు లోహాలు తడి తగిలినచోట ఒకదాన్నొకటి తింటాయి, తెల్లటి పొడి పుట్టి మర అతుక్కుపోతుంది. యూరియా, డీఏపీ బస్తాలు మోసే బండికి, వానాకాలం బురదలో తిరిగే బండికి ఇది మరీ తొందరగా జరుగుతుంది. అతుక్కున్న సెన్సరును బలవంతంగా తిప్పితే వాల్వే విరిగి గాలంతా ఒక్కసారిగా పోతుంది. ఇత్తడి వాల్వులు వేయించుకుంటే ఈ తంటా ఉండదు. అల్యూమినియమే ఉంటే మరకు గ్రీజు రాసి నెలకొకసారి విప్పి బిగించండి. ఇదే కారణంగా అల్యూమినియం వాల్వులున్న లోపలి సెన్సర్లకు నికెల్ పూత పిన్నులే వాడాలి, పంచరు షాపులో చేతికందిన ఇత్తడి పిన్ను, అందంగా ఉందని పెట్టే ఇత్తడి మూత రెండూ వద్దు. ప్లాస్టిక్ మూతే మంచిది.

లోపలి రకాన్ని టైర్లు మార్చే యంత్రం, బిగింపు ఎంతో కొలిచే టార్క్ స్పానరు ఉన్న షాపులోనే వేయించండి. మహబూబ్‌నగర్, నల్లగొండ, మిర్యాలగూడ లాంటి పట్టణాల్లో అలాంటివి దొరుకుతాయి. వాల్వు నట్టు బిగింపు చాలా సెన్సర్లకు 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్యే, డబ్బాలోని కాగితం మీద ఉన్నదే ప్రమాణం. అంతకు మించితే నట్టు చీలుతుంది, తక్కువైతే సన్నగా గాలి కారుతుంది. ఏ రకమైనా సెన్సరు పెట్టాకే చక్రాల బ్యాలెన్సింగ్ చేయించాలి.

హద్దులు ఎక్కడ పెట్టాలి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, కాబట్టి కాస్త లెక్క ఓపిగ్గా చూడండి.

టైరులో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. 30 పీఎస్ఐ చుట్టుపక్కల ప్రతి 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్ఐ. పొద్దున 25 డిగ్రీల్లో 32 పెట్టిన టైరు, మధ్యాహ్నం తారు మీద పరుగెత్తి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 37 దాటి చూపిస్తుంది. ఇది తప్పు కాదు, టైరు తయారుచేసినవాళ్ళు దీన్ని లెక్కలో పెట్టుకునే చల్లటి గాలి ఎంతో చెప్పారు. ఆ 37 చూసి కంగారుపడి 32కు దించితే, రాత్రి టైరు చల్లారాక 27 మిగులుతుంది. మర్నాడు ఆ 27తో సామాను నింపుకుని బయల్దేరడం నిజమైన ప్రమాదం. వేడి టైరులో గాలి తీయకండి.

చలికాలంలో ఇదే లెక్క తిరగబడుతుంది. మే నెల పొద్దున 30 డిగ్రీల్లో 32 పెట్టిన టైరు డిసెంబరు తెల్లవారుజామున 13 డిగ్రీల్లో 29 చిల్లర చూపిస్తుంది, ఏ లీకూ లేకుండానే.

అందుకే ఒక్క టైరు అంకె చూడకండి, నాలుగింటినీ పక్కపక్కన చూడండి. నాలుగూ కలిసి దిగితే అది వాతావరణం. మూడు నిలబడి ఒక్కటి ఒకటిన్నర పీఎస్ఐ దిగితే ఆ టైరులో ముల్లుంది. మంచి టైరు నెలకు సుమారు ఒక పీఎస్ఐ మామూలుగానే కోల్పోతుంది. వారానికి రెండు పోతుంటే వెతకాల్సిందే. ప్రతి ఆదివారం పొద్దున నాలుగు అంకెలు ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు, హెచ్చరిక కూతకంటే చాలా ముందే లీకును పట్టిస్తుంది. ఎండ ఒక పక్కే పడుతున్న బండిలో ఆ పక్క టైర్లు రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపుతాయి కాబట్టి సూర్యుడు ఎక్కకముందే రాయండి.

రోడ్డు మీద, చల్లటి కొలత 32 అయిన బండికి తక్కువ హద్దు 27 లేదా 28, ఎక్కువ హద్దు 40 పెట్టండి. 25 శాతం దాకా ఆగవద్దు. వేడి హద్దు 75 డిగ్రీలు సరిపోతుంది. బిరడా సెన్సరు చూపే వేడి వాల్వు దగ్గరిది, టైరు లోపలిది కాదు. ఎండలో నిలిపిన నల్లటి బిరడా కదలకుండానే 50 దాటి చూపిస్తుంది. లోపలి సెన్సరు చూపే వేడి మాత్రం నమ్మదగ్గది.

రోడ్డు దిగాక, స్టిక్కరు గాలి 30 నుంచి 33 మధ్య ఉండే థార్ తరహా బండికి ఇవి మొదలుపెట్టదగ్గ కొలతలు. ఎర్రచెల్క బాట, మొరం రోడ్డు: 24 నుంచి 26. బండరాళ్ళు: 18 నుంచి 22, టైరు రాయి మీద ఒదిగి పట్టు దొరుకుతుంది. పైన ఇసుక వదులుగా ఉన్న వాగు: 15 నుంచి 18. తడిసిన నల్లరేగడి: 18 నుంచి 22. అయితే రేగడి టైరు గాడుల్లో నిండిపోతే గాలి ఎంత తగ్గించినా పట్టు రాదు, వాన వెలిశాక ఒకరోజు ఆగడమే మంచిది. మామూలు రిమ్ములతో 15 కిందికి పోవద్దు. స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు బీడు (రిమ్మును పట్టుకుని ఉండే టైరు అంచు) రిమ్ము నుంచి ఊడుతుంది. 18తో ఉన్నంతసేపూ వేగం 25, 30 దాటకూడదు.

తక్కువ హద్దు మీరు దించిన గాలికి 3 పీఎస్ఐ కింద పెట్టండి. 18కి దించితే 15.

దించేటప్పుడు మీ టైర్లు వేడిగా ఉన్నాయా లేదా చూడటం మరవకండి. హైదరాబాద్ నుంచి రెండు గంటలు నడిపి, 60 డిగ్రీలున్న టైరులో 18 పెట్టి వాగులో దిగితే, నీళ్ళు తగిలి టైరు 30 డిగ్రీలకు చల్లారేసరికి అది 15 అవుతుంది. బీడు ఊడే హద్దు అదే. వేడి టైర్లయితే 21 దగ్గర ఆపండి, చల్లారాక చూసుకుని మళ్ళీ సరిచేయండి. టీపీఎంఎస్ వల్ల ఆఫ్‌రోడ్‌లో కలిగే నిజమైన లాభం ఇదే. గేజి ఒక క్షణం సంగతి చెప్తుంది, తెర మాత్రం వాగు మధ్యలో దిగుతున్న అంకెను చూపిస్తుంది.

టైర్ల సైజు పెంచినవాళ్ళకు స్టిక్కరు కొలత వర్తించదు. సుద్దముక్కతో టైరు నేలకు ఆనే పట్టీ మీద అడ్డంగా గీత గీసి, చదునైన సిమెంటు మీద 30, 40 మీటర్లు తిన్నగా నడపండి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ, అంతటా సమంగా చెరిగితే అదే మీ కొత్త చల్లటి కొలత. దాన్ని బట్టి హద్దులన్నీ మార్చండి.

బయల్దేరిన రోజు

గాలి దించుతుంటే పరికరం అరుస్తుంది, అరవాలి కూడా. ముందే రోడ్డు హద్దు నుంచి ఆఫ్‌రోడ్ హద్దుకు మార్చి ఆ తర్వాత దించండి. బిరడాలు విప్పాల్సి వస్తే నాలుగు జేబులున్న చిన్న సంచిలో, ఏది ఏ చక్రానిదో మార్కరుతో రాసి పెట్టండి. తారుమారైతే తెర వెనక కుడి అన్నప్పుడు పోతున్నది ముందు ఎడమది కావచ్చు.

తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపడం వాయిదా వేయకండి, ముందున్న పెట్రోలు బంకు 10 కిలోమీటర్లే అయినా సరే. చిన్న కంప్రెసరును సిగరెట్ సాకెట్టుకు కాకుండా నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో కలపండి, ఇంజను ఆన్‌లో ఉంచండి. నింపాక రోడ్డు హద్దులు తిరిగి పెట్టండి. ఈ చివరి పని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. హద్దు 15 దగ్గరే ఉండిపోతే రోడ్డు మీద టైరు 16 దాకా దిగినా పరికరం నోరు విప్పదు. కొన్ని తెరల్లో రెండు సెట్టింగులు దాచుకునే వీలుంటుంది. లేకపోతే స్టీరింగ్ మీద ఒక రంగు దారం కట్టి, హద్దు మార్చాకే విప్పండి.

అచ్చంపేట మీదుగా శ్రీశైలం పోయేవాళ్ళు మన్ననూరు చెక్‌పోస్టుకు ముందే అంకెలన్నీ చూసుకోండి. అవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిలో రాకపోకలు ఆపుతారు, అడవిలో బండి ఆపి టైరు విప్పడం క్షేమం కాదు. ఆ అడవిలో సొంత బండితో రోడ్డు దిగడం నిషిద్ధం కూడా.

వేగపు లీకు కూత వస్తే స్టీరింగ్ తిప్పకుండా, బ్రేకు గుద్దకుండా వేగం తగ్గించి అక్కడే ఆగండి. పంచరు షాపు కనబడుతోంది కదా అని గాలిలేని టైరుతో పాకితే, రిమ్ము పక్కగోడను లోపలినుంచి కొరికేస్తుంది. పది రూపాయల ముల్లు కొత్త టైరు ఖరీదు అవుతుంది.

కాపాడుకోవడం

తుమ్మముళ్ళ భయంతో మన దగ్గర చాలామంది టైరులో పంచరు జెల్లు పోయిస్తారు. లోపలి సెన్సర్లు ఉన్నవాళ్ళు ఇది చేయకండి. గాలి కొలిచే సూదిబెజ్జం జెల్లుతో మూసుకుపోయి, సెన్సరు ఒకే అంకె దగ్గర ఆగిపోతుంది. అప్పుడు టైరు దిగినా 32 అనే చెప్తుంది, ఇది పరికరం లేకపోవడం కంటే చెడ్డది. ముల్లు గుచ్చుకుంటే స్ట్రిప్పు వేసి, వీలైనప్పుడు లోపలినుంచి ప్యాచ్ వేయించండి. బిరడా రకం వాడుతూ జెల్లు ఉన్నవాళ్ళు, వాల్వు గడియారంలో 12 దగ్గరికి వచ్చేలా బండి జరిపి ఐదు నిమిషాలు ఆగాక విప్పండి. లేదంటే జెల్లు వాల్వులోకి ఎగజిమ్ముతుంది.

పంచరు షాపులో, టైరు దించకముందే, లోపల సెన్సరు ఉందని నోటితో చెప్పండి. వాల్వు పక్కన రిమ్ము మీద పసుపు పెయింటుతో చుక్క పెట్టుకుంటే ఇంకా మంచిది. బీడు విడగొట్టడం వాల్వుకు ఎదురువైపు మొదలుపెట్టాలి. లివరు ఎప్పుడూ వాల్వుకు అటూఇటూ జానెడు దూరంలోకి రాకూడదు. టైరు విప్పిన ప్రతిసారీ వాల్వు రబ్బరు వాషరు, పిన్ను కొత్తవి వేయించండి, ఖర్చు స్వల్పమే.

బిరడా బ్యాటరీలు ఎక్కువగా సీఆర్1632. ఏడాది నుంచి రెండేళ్ళు వస్తాయి. నాలుగూ ఒకేసారి మార్చండి. మల్టీమీటరులో 2.8 వోల్టుల కంటే తక్కువ చూపే సెల్లును నమ్మకండి. మూత తెరిచినప్పుడు లోపలి ఉంగరం మీద దుమ్ము తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి మూయండి. ఇక్కడ తడి దూరితే వాగు దాటిన మర్నాడే సెన్సరు చస్తుంది. గాలి ఆపే ఉంగరాలను రెండు ఎండాకాలాలకు ఒకసారి మార్చండి. లోపలి సెన్సర్లలో ఏడెనిమిదేళ్ళకు ఒకటి పోతే మిగతా మూడూ దాని వెనకే ఉంటాయి, టైర్లు మార్చే రోజునే నాలుగూ మార్చేస్తే కూలి ఒక్కసారే.

బురదలో తిరిగొచ్చాక రిమ్ముల లోపలివైపు కడగండి. అక్కడ గడ్డకట్టిన రేగడి బ్యాలెన్సు తప్పించి స్టీరింగ్ వణికిస్తుంది, సెన్సరు చెడిపోయిందని అనుకుంటారు. ప్రెషరు వాషరు ముక్కును బిరడా మీదికి గురిపెట్టకండి.

టైర్లు ముందువెనకలు మార్చినప్పుడు, మామూలుగా 8 నుంచి 10 వేల కిలోమీటర్లకు, సెన్సర్ల స్థానం తెరకు తిరిగి నేర్పాలి. కొన్ని బండ్లు కాసేపు నడిపితే అవే నేర్చుకుంటాయి, కొన్నిటికి షాపులో యంత్రం పెట్టాలి. బిరడా రకంలో బిరడాలనే పాత స్థానాలకు మార్చేయడం సులువు. పని అయ్యాక ఒక టైరులో రెండు పీఎస్ఐ తీసి, తెరలో సరైన చక్రమే తగ్గిందో లేదో చూడండి.

అంకె రాకపోతే

ఒక్క చక్రం మాత్రమే గీతలు చూపిస్తే ముందు బ్యాటరీ, తర్వాత తడి. రెండు వెనక చక్రాలూ పోతూ వస్తూ ఉంటే సిగ్నలు అందడం లేదు, పొడవాటి పికప్పుల్లో ఇది సహజం, మధ్యలో సిగ్నలు అందుకుని ముందుకు పంపే రిపీటరు పెట్టాలి. నాలుగూ ఒకేసారి మాయమైతే కొత్తగా ఏం తగిలించారో గుర్తు చేసుకోండి. చవక యూఎస్‌బీ చార్జర్లు, కొన్ని ఎల్ఈడీ లైటు బారులు రేడియో రొద పుట్టిస్తాయి. ఒక్కొక్కటీ పీకి చూస్తే దోషి దొరుకుతుంది.

సెన్సరు, గేజి, బంకు మీటరు మూడూ మూడు అంకెలు చెప్తే, ఒకటి ఒకటిన్నర పీఎస్ఐ తేడా సహజమే. అన్నిటికీ ఒకే గేజిని ప్రమాణం చేసుకుని, మీ సెన్సరు దానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ చూపుతుందో నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

ఈ సెట్లను ట్రాక్టరుకు పెట్టాలనుకునే రైతులకు ఒక మాట. వెనక టైర్లలో బరువు కోసం నీళ్ళు నింపి ఉంటే బిరడా సెన్సరు పెట్టవద్దు, నీళ్ళు వాల్వులోంచి సెన్సరులోకి పోతాయి. వాటికి వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, నీటి టైర్లకోసం చేసిన గేజితో చూసుకోవాలి. నీళ్ళు లేని ముందు టైర్లకు, ట్రాలీ టైర్లకు మాత్రం పెట్టుకోవచ్చు. ట్రాలీ టైర్లలో గాలి కారు టైర్లకంటే బాగా ఎక్కువ ఉంటుంది కాబట్టి సెన్సరు పై కొలత ఎంతవరకో చూసి కొనండి.